కొత్త కారుకు పీపీఎఫ్ వేయించాలా, సిరామిక్ కోటింగ్ చాలునా, వాచ్‌మన్ గుడ్డ మారిస్తే సరిపోతుందా?

నిజాంపేట కొత్త కారు

పదేళ్ళు సెకండ్ హ్యాండ్ బండి నడిపాక మొదటిసారి కొత్త కారు బుక్ చేశాం. రంగు నలుపు. ఇంట్లో అందరూ తెలుపే తీసుకోమన్నారు, నేను వినలేదు. డెలివరీకి ఇంకా పన్నెండు రోజులుంది. షోరూమ్‌లో సిరామిక్ కోటింగ్ 28 వేలంటున్నారు. బయట ఒక షాపులో బండి మొత్తానికి పీపీఎఫ్ 95 వేలు చెప్పారు. మా ఆవిడేమో "ఆ 95 వేలు నాకివ్వండి, రోజూ నేనే తుడుస్తా" అంటోంది.

అపార్ట్‌మెంట్‌లో మాకు సెల్లార్ పార్కింగ్ రాలేదు, బయట కానుగ చెట్టు కింద వచ్చింది. పొద్దున్నే వాచ్‌మన్ తుడుస్తాడు, నెలకు 600. రోజూ గచ్చిబౌలి ఆఫీసు, నెలకోసారి విజయవాడ. ఏది చేయించాలి? లేక రెండూ దండగేనా?

బెజవాడ డీటెయిలర్

నాది ఇదే వ్యాపారం అండీ, ముందే చెప్పేస్తున్నా. నా మాట ఆ లెక్కలోనే వినండి.

చాలామంది ఈ రెండిటినీ ఒకే గాటన కట్టేస్తారు. పీపీఎఫ్ అంటే పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్, పెయింటు మీద అతికించే పారదర్శకమైన పాలీయురితేన్ పొర, 150 నుంచి 200 మైక్రాన్ల మందం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). సిరామిక్ పెయింటు మీద పూసే ద్రవం, ఆరాక ఒకటో రెండో మైక్రాన్లు, అంతే. ఫ్యాక్టరీలో వేసిన పెయింటు ప్రైమర్‌తో సహా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది, జిరాక్స్ కాగితం కంటే కాస్త మందం. అందులో పైనున్న రంగులేని పొర, క్లియర్ కోట్, 40, 50 మాత్రమే. రాయి వచ్చి తగిలితే ఆపేది ఫిల్మ్. సిరామిక్ చేసే పని వేరు: నీళ్ళు జారిపోతాయి, మురికి గట్టిగా పట్టదు, కడుక్కోవడం తేలిక. దాంతో గీతలే పడవని ఎవరైనా అమ్మితే నమ్మకండి.

మీకైతే బండి మొత్తం వద్దు. బంపర్, బానెట్, ముందు ఫెండర్లు, సైడ్ మిర్రర్ల వెనకభాగం, డోర్ హ్యాండిల్ కింద గోళ్ళు గీసుకునే గుంటలు చాలు. 95 వేలలో సగం కూడా అవదు.

పాత పద్మిని

డీటెయిలర్ గారు నిజాయితీగా చెప్పారు. కానీ అసలు దొంగను వదిలేశారు. పెయింటును పాడు చేసేది రాయి కాదు, గుడ్డ.

నేను ప్రీమియర్ పద్మిని నడిపిన రోజుల్లో పాలిష్ పెడితే గుడ్డకు కారు రంగు అంటుకునేది. అప్పట్లో పైన క్లియర్ కోట్ లేదు, రంగే అరిగేది, అరుగుతోందని కళ్ళకు తెలిసేది. ఇప్పుడు అరిగే పొరకు రంగు లేదు. గుడ్డకు ఏమీ అంటదు కాబట్టి ఏమీ అరగలేదనుకుంటున్నాం.

మొన్న ఆదివారం మా వాచ్‌మన్ తుడుస్తుంటే పక్కన నిలబడి చూశాను. ఒక బకెట్, ఒక పాత బనియన్ ముక్క. మొదటి కారుకు చక్రాలతో మొదలుపెట్టి, అదే గుడ్డ ముంచి పిండి బానెట్ మీదికి వెళ్ళాడు. నాలుగో కారుకొచ్చేసరికి నీళ్ళు టీ రంగుకు తిరిగాయి. ఏడో కారు నాది. ఆగమని బకెట్ అడుగుకు చెయ్యి పెట్టి తీశాను. వేళ్ళ మధ్య సన్నటి ఇసుక, నలిపితే కరకరలాడుతోంది. రోడ్డు దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది, దాని ముందు క్లియర్ కోట్ మైనం లాంటిది. దాన్ని గుడ్డలో పెట్టి రోజూ గుండ్రంగా రుద్దిస్తున్నాం, అదీ నెలకు 600 ఇచ్చి మరీ. పాపం అతన్ని తిట్టి లాభం లేదు. ఆ గుడ్డ ఇచ్చింది మనమే.

రాత్రిపూట బానెట్ మీద ఫోన్ టార్చి వేసి చూడండి. వెలుగు చుట్టూ సాలెగూడులా గీతలు కనిపిస్తాయి. నల్ల కారైతే చెప్పక్కర్లేదు.

సెల్లార్ బీ2

మా వాచ్‌మన్ అదే గుడ్డతో లిఫ్ట్ గుమ్మం కూడా తుడుస్తాడు. ముందు లిఫ్టా, ముందు కారా అని అడిగే ధైర్యం నాకు లేదు.

ఎన్‌హెచ్ 65

గుడ్డ సంగతి ఒప్పుకుంటా పద్మిని గారూ. కానీ రాయి కాదనడం ఊళ్ళో తిరిగేవాళ్ళ మాట. నేను వారానికోసారి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళొస్తా. పట్టా కప్పని కంకర టిప్పర్ వెనక పడ్డామంటే టిక్కు టిక్కుమని శబ్దం వస్తూనే ఉంటుంది, తప్పించుకునేలోపు తగలాల్సినవి తగిలేస్తాయి. నా పాత బండికి మూడేళ్ళలో బానెట్ ముందంచున 23 చుక్కలు లెక్కపెట్టాను. రెండింట్లో రేకు బయటపడి తుప్పు మొదలైంది. ఇప్పటి బండికి ముందు భాగం వరకే ఫిల్మ్ వేయించాను. రెండేళ్ళయింది, రాళ్ళు ఫిల్మ్‌కు తగిలిన గుర్తులున్నాయి కానీ కింద పెయింటు అలాగే ఉంది.

ఇంకోటి, తొలకరి రోజుల్లో రాత్రి ప్రయాణం. ఉసిళ్ళు బంపర్ నిండా అతుక్కుని పొద్దున్నకల్లా ఎండిపోతాయి. పెయింటు మీద వాటిని గీకడమంటే ఏడుపే. ఇప్పుడు తడిగుడ్డ పది నిమిషాలు వేసి ఉంచితే ఊడొచ్చేస్తున్నాయి.

లెక్కల మాస్టారు

అందరూ పెయింటు గురించే మాట్లాడుతున్నారు, డబ్బు గురించి ఎవరూ మాట్లాడరే. పోయినేడాది నా బంపర్ మొత్తం రీపెయింటుకు 4,500 అయింది, పరిచయమున్న షెడ్డులో. 95 వేలకు అలాంటి బంపర్లు ఇరవైకి పైగా వేయించుకోవచ్చు.

మంచి ఫిల్మే అనుకుందాం, ఆరేడేళ్ళు వస్తుంది. తర్వాత పీకించాలి. పీకాక కింద పెయింటు కొత్తదానిలా ఉంటుందంటారు. సంతోషం. కానీ అప్పుడా కారు ఎవరిది? మనం అమ్మేస్తాం. ఆరేళ్ళూ మనం ఫిల్మ్‌ను చూసుకుని, మెరిసే పెయింటును కొన్నవాడికి అప్పజెబుతాం. పిల్ల కోసం దాచిన పట్టుచీర వియ్యపురాలికి పెట్టినట్టు.

బెజవాడ డీటెయిలర్

మాస్టారూ, పట్టుచీర బాగుంది. కానీ లెక్కలో ఒకటి వదిలేశారు. బంపర్ ప్లాస్టిక్, దాని గొడవ వేరు. బానెట్ సంగతి చూడండి. ఫ్యాక్టరీలో వైరింగు, సీట్లు బిగించక ముందే ఒట్టి బాడీని సుమారు 140 డిగ్రీల్లో కాలుస్తారు. షెడ్డుకు వచ్చేది అన్నీ బిగించిన బండి, దానికి అంత వేడి పెడితే ప్లాస్టిక్కులు కరుగుతాయి, కాబట్టి 60, 70 డిగ్రీల్లో ఆరే వేరే రకం పెయింటు వాడతారు. అదేమీ చెత్త కాదు, కానీ ఫ్యాక్టరీది కాదు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు ఇప్పుడు చేతిలో పెయింటు మందం కొలిచే మీటరు పట్టుకొస్తున్నారు. మిగతా బాడీ అంతా 110 మైక్రాన్లు చూపించి బానెట్ 250 చూపించిందనుకోండి, "ఎక్కడ గుద్దారు?" అన్నది మొదటి ప్రశ్న. రాళ్ళ చుక్కలకి వేయించానంటే నమ్మరు, పాతిక వేలు తగ్గిస్తారు.

లెక్కల మాస్టారు

పాతిక వేలు తగ్గితే 70 వేలు నాకు మిగిలినట్టేగా.

బెజవాడ డీటెయిలర్

నేను 95 వేలు పెట్టమనలేదు మాస్టారూ, ముందు భాగం వరకే అన్నాను. కాస్త పైకెళ్ళి చదవండి.

విశాఖ ఉప్పుగాలి

సిరామిక్ వేయించుకుని నాలుక కరుచుకున్నదాన్ని నేను, నా అనుభవం కూడా వినండి. "9హెచ్ మేడమ్, గీత పడదు" అన్నారు. మే నెలలో శుక్రవారం సాయంత్రం బీచ్ రోడ్డు దగ్గర కాకి రెట్ట వేసింది. సోమవారం వరకు బండి బయటికి తీయలేదు. కడిగితే రెట్ట పోయింది, దాని ఆకారం మాత్రం పోలేదు. పక్కనుంచి చూస్తే రూపాయి బిళ్ళంత ముడతలు పడ్డ మచ్చ.

తర్వాత ఒకరు వివరంగా చెప్పారు. రెట్టలో యూరిక్ ఆసిడ్ ఉంటుంది, అది ఒక భాగం. ఎండకు క్లియర్ కోట్ మెత్తబడి సాగుతుంది. పైన రెట్ట ఎండి గట్టిపడుతుంది. రాత్రి చల్లబడినప్పుడు పెయింటు ఆ రెట్ట కింద అచ్చు పోసినట్టు బిగుసుకుంటుంది. ఒక మైక్రాను కోటింగ్ దీన్ని ఆపలేదు, కాస్త ఆలస్యం చేయగలదు. ఇప్పుడు డిక్కీలో ఒక నీళ్ళ స్ప్రే బాటిల్, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు పెట్టుకుంటున్నా. రెట్ట కనబడిన వెంటనే తడిపి, నానాక అద్ది తీసేయడమే. రుద్దను.

పోర్టు వైపు ఉండేవాళ్ళకు ఇంకో తలనొప్పి. కడిగాక కూడా చేత్తో రాస్తే బానెట్ గరుకుగా తగులుతుంది. ఇనుప రజను దిగబడి ఉంటుంది. ఐరన్ రిమూవర్ కొడితే ఊదా రంగులో కారుతుంది, చూస్తే కడుపు తరుక్కుపోయింది.

పాత పద్మిని

అమ్మా, ఆ 9హెచ్ అన్నది పెన్సిలు లెక్క. కోటింగ్ మీద రకరకాల గట్టిదనమున్న పెన్సిళ్ళతో గీసి చూస్తారు. 9హెచ్ పెన్సిలుకు గీత పడకపోతే 9హెచ్ అంటారు. ఖనిజాల గట్టిదనం లెక్కలో వజ్రం పది, ఇది తొమ్మిది అన్నట్టు చెప్పి అమ్ముతారు. మన రోడ్ల మీద తిరిగేది పెన్సిళ్ళు కాదు కదా.

నిజాంపేట కొత్త కారు

అందరికీ థ్యాంక్స్. కవర్ కప్పితే అన్నిటికీ పరిష్కారం కాదా? మా మామయ్య ఒకటే పోరు.

ఎన్‌హెచ్ 65

కడిగి ఆరిన బండి మీద, గాలి లేని చోట అయితే కప్పండి. దుమ్ము ఉండగా కప్పితే, గాలికి అది కదిలిన ప్రతిసారీ మీ వాచ్‌మన్ పని అదే చేసిపెడుతుంది.

బెజవాడ డీటెయిలర్

కానుగ పూత రాలే రోజుల్లో చెట్టు కింద మాత్రం కవర్ కొంత నయం, ఎన్‌హెచ్ గారు ఒప్పుకోకపోయినా. ఇంకో రెండు మాటలు, డెలివరీ దగ్గరపడింది కాబట్టి. ఒకటి, షోరూమ్‌లో బండి కడగొద్దని ముందే రాసివ్వండి. యార్డులో నెలల తరబడి దుమ్ము పట్టిన బండిని డెలివరీ రోజు పొద్దున్నే హడావుడిగా పొడిగుడ్డతో తుడుస్తారు. మొదటి గీతలు అక్కడే. కోటింగ్ వేసేముందు పాలిష్ చేయకపోతే ఆ గీతల మీదే కోటింగ్ పడుతుంది.

రెండు, ఆ 95 వేల షాపులో ఫిల్మ్ ముక్క ఒకటి అడగండి. దాని మీద ఇత్తడి బ్రష్షుతో మెల్లగా గీసి వేడినీళ్ళు పోయండి. మంచి టీపీయూ (పాలీయురితేన్ రకం) అయితే సన్నగీతలు కళ్ళముందే మాయమవుతాయి. పీవీసీ ప్లాస్టిక్ అయితే అలాగే ఉండిపోతాయి. అది రెండు వేసవులకే పసుపుపచ్చగా మారుతుంది. ఫిల్మ్‌ను కంప్యూటర్‌లో కొలతలకు కత్తిరిస్తారా, బండి మీద పెట్టి బ్లేడుతో కోస్తారా, అదీ అడగండి. బ్లేడు జారితే గీత పడేది మీ పెయింటు మీదే.

నిజాంపేట కొత్త కారు

ఆ టెస్టు చేశాను. గీతలు పోలేదు. "వేడి సరిపోలేదు సార్" అన్నాడు. ఫ్లాస్కులో ఇంటినుంచి పట్టుకెళ్ళిన నీళ్ళు, మూత తీస్తే పొగలొస్తున్నాయి. వేరే షాపులో ముందు భాగం వరకే మాట్లాడుకున్నా, 38 వేలు. సిరామిక్ మానేశాను, మాస్టారి మాట అక్కడ పనిచేసింది.

వాచ్‌మన్‌తోనూ మాట్లాడాను. రెండు బకెట్లు, ఆరు మైక్రోఫైబర్ గుడ్డలు, షాంపూ డబ్బా ఇచ్చి, నా బండిని రోజూ తుడవొద్దు, వారానికి రెండుసార్లు ముందు నీళ్ళు కొట్టి తర్వాతే ముట్టుకో అన్నాను. "తుడవకపోతే డబ్బులు తగ్గిస్తారా సార్?" అన్నాడు. లేదన్నాక నమ్మడానికి కాసేపు పట్టింది.

ఒక్క సమస్య మిగిలింది. డెలివరీ రోజు పెద్దమ్మ గుడిలో పూజ. పూజారి గారు బానెట్ మీద పసుపు, కుంకుమ తడిపి వేలితో స్వస్తిక్ వేస్తారు. వద్దంటే మా అమ్మ ఊరుకోదు. ఫిల్మ్ ఆ తర్వాతి రోజు. ఏం చేయను?

విశాఖ ఉప్పుగాలి

ముందు అద్దం మీద వేయించండి. గాజుకు మరక పట్టదు, రేణువులున్నా పెయింటు జోలికి పోవు. కుంకుమ పసుపులో సున్నం కలిపి చేస్తారు, క్షారం కదా, ఎండలో పెయింటు మీద ఎండనివ్వకండి. తుడిచేటప్పుడు మాత్రం ముందు నీళ్ళు పోయండి.

నిజాంపేట కొత్త కారు

అమ్మ ఒప్పుకుంది. అద్దం మీదే, కానీ డ్రైవర్ ఎదురుగా, సరిగ్గా మధ్యలో ఉండాలట. ఇంటికొచ్చేదాకా తుడవకూడదట.