అమ్మానాన్నలతో బీచ్ ట్రిప్: సౌత్ పాడ్రే వెళ్లాలా, గాల్వెస్టన్‌తో సరిపెట్టాలా?

ఫ్రిస్కో గోదారోడు:
మా ఇంట్లో వారం రోజులుగా ఇదే గొడవ. అమ్మా నాన్నా మేలో కాకినాడ నుంచి వచ్చారు, అక్టోబరు మొదట్లో తిరుగు టికెట్. జూలైలో నాకు నాలుగు రోజులు సెలవు దొరికింది. మా ఆవిడ సౌత్ పాడ్రే ఐలాండ్ అంటోంది. అది టెక్సాస్ చిట్టచివర, మెక్సికో సరిహద్దు పక్కన. డాలస్ పక్కన మా ఫ్రిస్కో నుంచి 550 మైళ్ల పైనే, ఆగకుండా తోలినా 9 గంటలు. నేను హ్యూస్టన్ దగ్గరి గాల్వెస్టన్ అంటున్నా, 5 గంటల్లో వెళ్లిపోవచ్చు. నాన్నకి 71, షుగరు, బీపీ. అమ్మకి మోకాళ్లు. పిల్లలకి తొమ్మిది, అయిదు. పెద్దవాళ్లని అడిగితే "మీ ఇష్టం నాన్నా, మాకేం తెలుసు" అంటారు. పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా చెప్పండి.

ఆస్టిన్ ఆవకాయ:
కాకినాడ వాళ్లని గాల్వెస్టన్ తీసుకెళ్తారా! మా అత్తగారిది మచిలీపట్నం. గాల్వెస్టన్‌లో సముద్రం ఒడ్డున కట్టిన గోడ (సీవాల్) మీద నిలబడి కాసేపు చూసి, "దీనికోసమా ఇంత దూరం, మా మంగినపూడే నయం" అన్నారు. నీళ్లు టీ రంగులో ఉన్నాయి మరి. సౌత్ పాడ్రేలో చాలా రోజులు పచ్చగా, తేటగా ఉంటాయి. పైగా ద్వీపానికి రెండు వైపులా నీళ్లే: తూర్పున గల్ఫ్ ఆఫ్ మెక్సికో అలలు, పడమర లగూనా మాద్రే అనే ఉప్పునీటి సరస్సు. ఆ లగూన్ లోతు తక్కువ, నీళ్లు సముద్రం కంటే ఉప్పన, అలల జోరు ఉండదు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు అటువైపు హాయిగా కూర్చోవచ్చు.

పియర్‌ల్యాండ్ వదిన:
టీ రంగు అని అందరూ తీసిపారేస్తారు గానీ అది మురికి కాదమ్మా. మిసిసిపి, అచఫలాయా, ఇక్కడి నదులు తెచ్చే ఒండ్రు తీరం వెంట ఇటు కొట్టుకొస్తుంది. గోదావరికి వరదొచ్చినప్పుడు యానాం దగ్గర సముద్రం ఎలా ఉంటుందో తెలుసుగా, అంతే. పెద్దవాళ్లకి నీళ్ల రంగు ఎంత ముఖ్యం చెప్పండి? దారిలో పియర్‌ల్యాండ్ మీనాక్షి అమ్మవారి గుడి. ఊళ్లో మూడీ గార్డెన్స్ పిరమిడ్లు, ఏసీలో చూడొచ్చు. బొలివార్ వెళ్లే ఫెర్రీ ఫ్రీ, కారుతో సహా ఎక్కించుకుంటారు, పక్కనే డాల్ఫిన్లు ఎగురుతుంటాయి. మా మామగారు ఒకే రోజు అటూ ఇటూ మూడుసార్లు తిరిగారు. బీపీ ఉన్న మనిషికి పెద్దాసుపత్రి దగ్గరలో ఉండటం కూడా లెక్కే.

గ్రీన్‌కార్డు క్యూ:
ఎవరూ అసలు విషయం ఎత్తలేదేంటి? సౌత్ పాడ్రే నుంచి తిరిగొచ్చేటప్పుడు హైవే 77 మీద సరీటా దగ్గర బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు ఉంటుంది. మెక్సికోలో అడుగు పెట్టకపోయినా ఆపి అడుగుతారు. 281 మీద వస్తే ఫల్ఫూరియస్‌లో ఇంకొకటి. హెచ్1బి వర్క్ వీసా మీద ఉన్న నేను రెండు రోజుల సరదా కోసం ఆ టెన్షన్ ఎందుకు పెట్టుకోవాలి? అమ్మానాన్నల్ని కూర్చోబెట్టుకుని యూనిఫాం ముందు కారు ఆపడం నాకైతే ఇష్టం లేదు. నా ఓటు గాల్వెస్టన్‌కే.

ఆస్టిన్ ఆవకాయ:
నాలుగుసార్లు దాటాను అక్కడ. "యూఎస్ సిటిజనా?" అంటారు, కాదంటే కాగితాలు చూస్తారు, రెండు నిమిషాల్లో పంపేస్తారు. భయపడి ఆగిపోతే ఎలా?

గ్రీన్‌కార్డు క్యూ:
మీకు రెండు నిమిషాలు. ఫోన్‌లో ఫొటో చూపించిన మా కొలీగ్‌ని నలభై నిమిషాలు పక్కన నిలబెట్టారు.

లాయర్ని కాదు గానీ:
ఇద్దరూ నిజమే చెప్తున్నారు. తేడా కాగితాల్లో ఉంది. 18 దాటిన విదేశీయులు రిజిస్ట్రేషన్ పత్రం ఎప్పుడూ వెంట ఉంచుకోవాలన్నది ఇక్కడి చట్టం, చెక్‌పోస్టు ఉన్నా లేకపోయినా. మనకి మామూలుగా అది ఐ-94, అంటే దేశంలోకి ఎప్పుడొచ్చాం, ఎప్పటిదాకా ఉండొచ్చు అని చెప్పే పత్రం. కాబట్టి ఒరిజినల్ పాస్‌పోర్టులు, ఐ-94 ప్రింట్లు, హెచ్1బి వాళ్లయితే ఐ-797 (వీసా ఆమోద పత్రం), ఇక్కడ పుట్టిన పిల్లలకి పాస్‌పోర్టో బర్త్ సర్టిఫికెట్టో, అన్నీ ఒకే ఫోల్డర్‌లో. ఫోన్‌లో ఫొటోలు నమ్ముకోవద్దు. ఒక్క మాట: అమ్మానాన్నల ఐ-94 గడువు అయిపోయి, ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉన్నవాళ్లు లాయర్‌ని అడగకుండా అటు వెళ్లకండి. గోదారోడు గారి వాళ్లు మేలోనే వచ్చారు కాబట్టి ఆ బాధ లేదనుకుంటా. ఇంకోటి, బ్రౌన్స్‌విల్ దగ్గర జీపీఎస్ చెప్పింది కదా అని వంతెనల వైపు తిరిగితే నేరుగా మెక్సికోకే.

తుఫాను తిమ్మడు:
కాగితాల గొడవ సరే, జూలైలో గల్ఫ్ అంటేనే నాకు గుబులు. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా హరికేన్ సీజన్. డాలీ తుఫాను 2008 జూలైలో సరిగ్గా సౌత్ పాడ్రే మీదకే వచ్చింది. ఆ ఊరికి ఉన్నది ఒకటే వంతెన.

పియర్‌ల్యాండ్ వదిన:
అదే నేననేది. గాల్వెస్టన్‌లో 17 అడుగుల గోడ ఉంది, 1900 తుఫానులో వేలమంది పోయాక కట్టింది. హ్యూస్టన్‌కి గంటలో వచ్చేయొచ్చు.

తుఫాను తిమ్మడు:
వదినా, 2024 జూలై 8న బెరిల్ వచ్చినప్పుడు ఆ హ్యూస్టన్‌లోనే లక్షల ఇళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. నేను గ్యారేజీలో పడుకున్నా. ఈ లెక్కలో రెండు ఊళ్లూ సమానమే. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే గది తీసుకోండి. ఇన్సూరెన్స్ అయితే తుఫానుకి పేరు పెట్టకముందే కొనాలి, పెట్టాక కొంటే దానికి వర్తించదు.

ప్లేనో పంతులు:
ఈ రెంటికీ మధ్యలో ఉన్న బీచ్ ఊరు పోర్ట్ అరాన్సాస్ ఎవరూ అనరేం? దూరం మధ్యస్థం, కారు ఇసుక మీదకే తీసుకెళ్లొచ్చు.

ఆస్టిన్ ఆవకాయ:
మధ్యస్థమే, అన్నీ మధ్యస్థమే.

ఫ్రిస్కో గోదారోడు:
అందరికీ థాంక్స్. ఒక సంగతి జరిగింది. నిన్న రాత్రి నాన్న పిల్లలకి సీవాల్ ఫొటోలు చూపిస్తూ "మన ఉప్పాడలోనూ రాళ్లు పోశారు, ట్యూబులు వేశారు, ఊరు ఇంకా కోసుకుపోతూనే ఉంది" అని అరగంట చెప్పారు. ఆయన సెలవులో కూడా గోడే చూస్తారేమో అనిపించింది. తర్వాత మా ఆవిడ సౌత్ పాడ్రేలో తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే వీడియో పెట్టింది. ఆయన కళ్లజోడు తెచ్చుకుని మరీ చూశారు. మా కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్‌లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయట, ఇవి కెంప్స్ రిడ్లేలు, దగ్గరి చుట్టాలు. వెళ్లేటప్పుడు శాన్ ఆంటోనియోలో రాత్రి ఆగి, సౌత్ పాడ్రేకే వెళ్తున్నాం.

పియర్‌ల్యాండ్ వదిన:
శుభం. అక్కడ ఎండకి సగం రోజు గదిలోనే ఉంటారు, అప్పుడు నన్ను తలుచుకోండి.

(మూడు వారాల తర్వాత)

ఫ్రిస్కో గోదారోడు:
వెళ్లొచ్చాం. వదిన గారు, తలుచుకున్నాం. పదకొండు నుంచి అయిదు దాకా బయట కాలు పెట్టలేకపోయాం. అంతకంటే పెద్ద తప్పు నాది: కాండో మూడో అంతస్తు, "లిఫ్ట్ ఉంది" అన్న ముక్క చూసి బుక్ చేశా. ఉంది, పనిచేయట్లేదు. అమ్మ మెట్టు మెట్టుకీ రెయిలింగ్ పట్టుకుని ఎక్కుతుంటే మా ఆవిడ నా వైపు చూసిన చూపు మీకెవరికీ వద్దు. మీరు మాత్రం ముందే ఫోన్ చేసి లిఫ్ట్ ఇవాళ నడుస్తోందా అని అడగండి.

వంట మాత్రం గదిలోనే. వంతెనకి ఇవతల పోర్ట్ ఇసబెల్ హెచ్ఈబీ సూపర్‌మార్కెట్లో పెరుగు, కూరలు తీసుకుని వెళ్లాం. పప్పుచారు, వేపుడు. మధ్యాహ్నం ఆ ఎండ తప్పించుకోవడానికి నిద్ర. నాన్న లగూన్ వైపు పంచె ఎగ్గట్టి సాయంత్రాలు గంటసేపు నడిచేవారు. అమ్మ చీరతోనే నీళ్లలో కూర్చుంది, ఎవరూ చూడలేదు, చూసినా ఆవిడ పట్టించుకోలేదు. గల్ఫ్ వైపు మాత్రం ఒకరోజు ఎర్రజెండా ఎగరేశారు, పిల్లల్ని దింపలేదు.

తాబేళ్ల సంగతి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. గుడ్లు పొదిగాయా లేదా అన్నదాన్ని బట్టి ముందు రాత్రి చెప్తారు. మొదటి రెండు రోజులూ లేదన్నారు. మూడో రోజు తెల్లవారకముందే లేచి వెళ్తే మాకంటే ముందే జనం. అరచేతిలో సగం ఉంటుంది ఒక్కోటి. ఇసుక మీద కొంచెం పాకి ఆగుతుంది, మళ్లీ పాకుతుంది, అల వచ్చి వెనక్కి తోసేస్తే మళ్లీ మొదలు. వాలంటీర్లు సీగల్స్‌ని తోలుతుంటే మా అయిదేళ్ల వాడూ నోటితో "హుష్, హుష్" అన్నాడు, కోళ్లని తోలినట్టు.

గ్రీన్‌కార్డు క్యూ:
చెక్‌పోస్టు?

ఫ్రిస్కో గోదారోడు:
సరీటా దగ్గర ఆపారు. ఫోల్డర్ ఇచ్చా. ఆఫీసర్ పాస్‌పోర్టులు, ఐ-94లు చూసి తిరిగిచ్చేశాడు. ఈలోపు వెనక సీట్లోంచి నాన్న తన పెన్షన్ బుక్కు కూడా అందించారు. ఎందుకు తెచ్చారో ఇప్పటికీ చెప్పట్లేదు. ఆఫీసర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వి "హ్యావ్ ఎ గుడ్ డే సర్" అన్నాడు. అయిదు నిమిషాలు పట్టింది. కానీ మీరన్నదీ అబద్ధం కాదు, ముందు కారు కనపడ్డప్పటి నుంచీ నా చేతులు స్టీరింగ్‌కి అతుక్కుపోయాయి.

పియర్‌ల్యాండ్ వదిన:
మళ్లీ వస్తే ఎటు తీసుకెళ్తారు?

ఫ్రిస్కో గోదారోడు:
అమ్మని అడిగా. "ఈసారి ఆ ఫెర్రీ ఏదో ఎక్కుదాం నాన్నా, మెట్లు ఉండవుగా" అంది.