అప్‌డేట్: బరువైన క్యాంప్ కత్తి విసరడానికి పనికొస్తుందా?

కొమ్మలు నరికే నా బరువైన క్యాంప్ కత్తితో విసరడం ప్రాక్టీస్ చేయొచ్చా అని అడిగాను కదా. మీ జవాబులు చదివాక దాన్ని కొమ్మలకే ఉంచేశాను. పదును నిలవాలని ఆ ఉక్కును బాగా గట్టిపరుస్తారు. అది అడ్డంగా తగిలితే మొన విరగొచ్చు. రివెట్లు కొట్టిన చెక్క పిడి అయితే అంతకంటే ముందే పగులుతుంది. విసిరే కత్తికి కొంచెం మెత్తటి ఉక్కే మేలు, పిడితో సహా ఒకే ముక్కగా, అంచులు మొద్దుగా, మొన మాత్రం వాడిగా.

విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీ కమాన్ పట్టీతో అలాంటిదే చేయించుకున్నాను. పావు కిలో పైనే ఉంది, చేతిలో భలే కుదిరింది! టార్గెట్‌కి మెత్తటి దుంగను అడ్డంగా కోయించి, కోసిన ముఖం మనవైపు పెట్టండి. పీచుల మధ్యకి మొన తేలిగ్గా దిగుతుంది. సరిగ్గా తగలకపోతే కత్తి వెనక్కి ఎగిరొస్తుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, ప్లీజ్.