అప్‌డేట్: కోళ్లనే పెంచాలని నిర్ణయించుకున్నాం

పెరట్లో కోళ్లను పెంచాలా, బాతులనా, లేక ఆ ఆలోచనే మానుకోవాలా అని ఇంతకుముందు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. నాలుగు పెట్టలతో మొదలుపెట్టాలని ఇంట్లో అందరం నిర్ణయించుకున్నాం. పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయని, పొదిగించి పిల్లలను తీయాలనుకుంటేనే పుంజు అవసరమని మీలో ఒకరు వివరించడంతో, తెల్లవారుజామున కూత వల్ల ఇరుగుపొరుగు వారికి ఇబ్బంది కలుగుతుందన్న నా ప్రధాన సందేహం తీరిపోయింది. బాతులు నీళ్లు చిమ్మి నేలంతా బురద చేస్తాయి కనుక మా చిన్న పెరటికి సరిపడవు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది గూడు. సాధారణంగా వాడే పలుచని కోళ్ల వల కోళ్లను బయటికి పోనివ్వదు గానీ, కొరికి చింపే జంతువును లోపలికి రాకుండా ఆపలేదు. అందుకే సన్నని కళ్లున్న గట్టి ఇనుప జాలీ తెచ్చి, ఏ జంతువూ తవ్వుకుని రాకుండా దాని అంచును అడుగు లోతున పాతాం. రెట్టల నుంచి వెలువడే అమ్మోనియా ఘాటు కోళ్ల ఊపిరితిత్తులకు చాలా హానికరం కాబట్టి, గాలి ఆడేందుకు పైకప్పు కింద జాలీ బిగించిన సందు వదిలాం. కోళ్లకు సోకే ప్రాణాంతకమైన అంటువ్యాధి కొక్కెర తెగులు రాకుండా టీకా వేసిన కోడిపిల్లలనే తీసుకుంటాం.

రెండు మూడేళ్ల తర్వాత గుడ్లు తగ్గినా పెట్టలు ఇంకా చాలా ఏళ్లు బతుకుతాయి. అప్పుడు కూడా వాటిని పోషించాలని అందరూ ఒప్పుకున్నాకే గూటికి డబ్బు ఖర్చు పెట్టాం. మేము ఊరికి వెళ్లినప్పుడు మేత, నీళ్లు చూసుకుంటామని పక్కింటివారు మాటిచ్చారు.