‘బ్రేక్ ది ఐస్’ అంటే చేపలు చెడిపోకుండా చూడటమా?

ఇంగ్లీషు జాతీయాలను అర్థాలతో సహా పట్టిక రాయించి బట్టీ పట్టిస్తే చాలని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. శ్రీకాకుళం జిల్లా తీరంలో ఒక బడిలో ఇంగ్లీషు చెబుతున్నాను. మా తరగతిలో చాలామంది భావనపాడు చుట్టుపక్కల మత్స్యకారుల పిల్లలు.

మొన్న పాఠంలో ‘బ్రేక్ ది ఐస్’ వచ్చింది. అర్థం చెప్పకుండా, ఈ మాట వింటే మీకు ఏం కనబడుతోందని అడిగాను. ఒక పిల్లవాడు లేచి, “పడవలు రాగానే ఐసు దిమ్మలు పగలగొట్టి చేపల మీద పోస్తారు కదా టీచర్. అంటే, పని చెడిపోకముందే జాగ్రత్తపడటం” అన్నాడు.

అర్థం తప్పే. కానీ మాటలోంచి బొమ్మను, బొమ్మలోంచి భావాన్ని ఎంత చక్కగా పట్టుకున్నాడో చూడండి! వాడు ఎరిగిన ఐసు వేరు, అంతే. మన బంగాళాఖాతం గడ్డకట్టదు. చలి దేశాల్లో నది గడ్డకడితే, పడవవాళ్లలో ఒకడు ముందు వెళ్లి మంచు పగలగొట్టి మిగతావాళ్లకు దారి చేసేవాడు. 16వ శతాబ్దంలో డచ్ పండితుడు ఎరాస్మస్ కూర్చిన సామెతల సంపుటిలో ఈ మాటకు ఇదే వివరణ ఉంది: ఒక పనికి అందరికంటే ముందు పూనుకుని దారి తెరవడం. కొత్తవాళ్ల మధ్య బిడియం పోగొట్టడమనే అర్థం తర్వాత స్థిరపడింది.

ఇది చెప్పగానే ఆ పిల్లవాడే, “అయితే కొత్త బడిలో మొదట పలకరించినవాడే ముందు పడవవాడు” అన్నాడు. పట్టికలో ఈ పని జరగదు.

వ్యాఖ్య: మరి రెండు భాషల్లోనూ పోలిక ఉన్నవి తేలికే కదండీ? గాలిమేడలు, ‘కాసిల్స్ ఇన్ ది ఎయిర్’ లాంటివి?

జవాబు: అచ్చంగా ఒకటే అయితే తేలికేనండీ. స్పానిష్ మాతృభాషగా గల వెనెజులా విద్యార్థులు ఇంగ్లీషు జాతీయాలు నేర్చుకోవడంపై పరిశోధకురాలు సుజాన్ ఇరుజో 1986లో ప్రచురించిన అధ్యయనమూ అదే చెబుతోంది. కాస్త తేడాతో పోలి ఉన్నవి మాత్రం అర్థమైనా, సొంతంగా వాడబోతే మాతృభాష అడ్డు తగిలింది.

మా దగ్గర నేను చూసిన పెద్ద చిక్కు చల్లదనంతో. కడుపు చల్లగా, చల్లని తల్లి, చల్లగా ఉండు నాయనా అని దీవించే ఇళ్ల పిల్లలు వీళ్లు. ఇంగ్లీషులో ఆప్యాయతకు వెచ్చదనం, అనాదరానికి చలి. ‘కోల్డ్ రిసెప్షన్’ అంటే ఎండన పడి వచ్చిన చుట్టాన్ని నీడన కూర్చోబెట్టి మజ్జిగ ఇవ్వడమని ఒక అమ్మాయి రాసింది. ఆ జవాబుకు ఎర్ర గీత పెట్టలేదు. పక్కన ఇంకో వాక్యం రాసి ఇచ్చాను: చుట్టం వచ్చాడు, ఎవరూ పలకరించలేదు, గుమ్మం దగ్గరే నిలబడి వెనుదిరిగాడు, ఆయనకు దక్కింది ‘కోల్డ్ రిసెప్షన్’. చదివి తానే దిద్దుకుంది.

విజయనగరం వైపు పల్లెల్లో ఇంగ్లీషు చెప్పేవాళ్లు, మీ పిల్లలు చెప్పిన అర్థాలు రాయండి, తప్పులతో సహా. వాళ్లు ఏ బొమ్మ ఊహించారో అది తప్పకుండా రాయండి.