కోరంగిలో కొన్నిచోట్ల తెల్లమడ తప్ప ఇంకో చెట్టు లేదెందుకు?

మడతీరం: కాంగో అడవుల్లో జిల్బర్టియోడెండ్రాన్ అనే ఒక్క చెట్టే మైళ్ళ కొద్దీ ఉంటుందట. మన కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవిలోనూ కొన్ని పాయల వెంట అంతా తెల్లమడ చెట్లే. రెండింటికీ కారణం ఒకటేనా అండి? అక్కడ ఇంకో మడచెట్టు పొన్న (ఉప్పుపొన్న) నాటితే బతుకుతుందా?

ఉప్పుగాలి: ఒకటి కాదండి. కాంగో చెట్టు నీడతో గెలుస్తుంది. గింజ పెద్దది, తల్లిచెట్టు దగ్గరే పడుతుంది. కింద చేరే వెలుగు ఒక శాతం అటూఇటూ. దాని మొక్క ఆ చీకట్లోనే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. రాలిన ఆకు తొందరగా కుళ్ళక మందంగా పేరుకుంటుంది, చిన్న గింజల మొలకల వేరు మట్టిదాకా దిగదు. వేళ్ళకు అల్లుకునే ఫంగస్ సాయమూ ఉంది. అయితే అదొక్కటే కారణం అనకండి. ట్రినిడాడ్‌లో మోరా చెట్టుకు ఆ రకం ఫంగస్ లేదు, అయినా అడవంతా అదే.

తెల్లమడకు నీడ పడదు. దాని బలం ఉప్పును తట్టుకోవడం. వాన లేని రోజు ఆకు తిప్పి చూడండి, లోపలి ఉప్పును గ్రంథులు బయటికి తోసేసిన తెల్లటి రవ్వలు కనిపిస్తాయి.

పాయగట్టు: గొడ్డలినీ లెక్కలోకి తీసుకోవాలి. తెల్లమడ, తిల్ల (ఇదీ మడచెట్టే) నరికితే మోడు నుంచి చిగురిస్తాయి. పొన్న ముదిరిన కొమ్మ నరికితే మళ్ళీ చిగురు రాదు. వంటచెరకు నరికిన చోట ఏది మిగులుతుందో చెప్పక్కర్లేదు. 1978లో అభయారణ్యం అయ్యేనాటికే నరికిన మోళ్ళ నుంచి లేచిన గుబుర్లు కొన్ని అలాగే ఉండొచ్చు.

ఎక్కడ తెల్లమడ వాటా ఎంతో కొలిచేటప్పుడు జాగ్రత్త. పాయ నుంచి లోపలికి గీత పట్టుకుని 10 మీటర్ల చదరాలు వేయండి, 1.3 మీటర్ల ఎత్తులో కాండం చుట్టుకొలత తీయండి. ఒకే మోడు నుంచి లేచిన నాలుగు కాండాలను నాలుగు చెట్లుగా రాస్తే తెల్లమడ వాటా ఉత్తుత్తిగా పెరిగిపోతుంది. చెట్టు ఒకటే, కాండాల అడ్డుకోత వైశాల్యం మాత్రం కలపాలి. గుండ్రటి ఆకుకొన ఉంటే అది నల్లమడ, విడిగా రాయండి.

బురదనేల: పొన్న రోజూ పోటు తగిలే పాయ అంచున బతుకుతుంది. దానంతట అది రాలిన కాయనే ఏరండి, మొనవైపు మూడోవంతు బురదలో గుచ్చండి. పీతలు కొరికేస్తాయి కాబట్టి కొన్ని ఎక్కువ నాటాలి.

లోపలి మిట్టల్లో నేరుగా నాటితే దండగ. అక్కడికి అమావాస్య, పున్నమి పోట్లే వస్తాయి. నిలిచిన నీరు ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. ముందు పెద్ద కాలువ, దానికి చేపముల్లులా వాలుగా కలిసే పిల్లకాలువలు తవ్వి, వాటి ఏటవాలు గట్ల మీద నాటాలి. తవ్విన మట్టిని అంచునే గట్టులా పోస్తే పోటునీరు పక్కకు పారదు, పనంతా వృథా. కాలువ మూతి పూడితే వెంటనే తీయించండి.