పంట కాలువ సగటు లోతు 0.5 మీటరా, 1 మీటరా?

ప్రశ్న: అమలాపురం దగ్గర పంట కాలువ. నీటి వెడల్పు 6 మీటర్లు, గట్ల దగ్గర లోతు సున్నా, నడిమధ్యన 1.5. మూడూ కలిపి మూడుతో భాగిస్తే 0.5, ఇంటిగ్రేషన్‌తో (సన్నటి ముక్కలుగా కోసి కూడే లెక్క) 1 వస్తోంది. ఏది నమ్మాలండీ?

జవాబు 1: కాలువ అడుగు పారాబోలాలా (గిన్నెలాంటి వంపు) ఉందనుకుంటే 1 మీటరే. మధ్య నుంచి దూరం ‘ద’ అయితే లోతు = 1.5 × (1 − ద²/9). −3 నుంచి 3 వరకు ఇంటిగ్రేట్ చేస్తే 6 వస్తుంది. అది సగటు కాదు, చదరపు మీటర్లలో కాలువ అడ్డుకోత వైశాల్యం. వెడల్పు 6తో భాగిస్తేనే సగటు. చాలామంది 0 నుంచి 3 వరకే చేసి, వచ్చిన 3ని 6తో భాగిస్తారు, అప్పుడూ 0.5 వచ్చి, మొదటి తప్పు లెక్క రైటేనేమో అనిపిస్తుంది! సగానికి చేస్తే 3తోనే భాగించాలి.

జవాబు 2: మూడు రీడింగులే ఉంటే సింప్సన్ పద్ధతి (రీడింగుల మీదుగా వంపు గీసినట్టు వైశాల్యం కట్టే లెక్క) వాడండి, మధ్యదానికి నాలుగు రెట్ల బరువు: (0 + 4×1.5 + 0)/6 = 1. కానీ మన కాలువల్లో పూడిక తరచూ ఒక గట్టు వైపే పేరుకుంటుంది, పారాబోలా ఎక్కడ నిలుస్తుంది? మీటరుకొకటి చొప్పున 7 రీడింగులు తీయండి. సింప్సన్‌కి భాగాలు సరిసంఖ్యలో ఉండాలి, ఇక్కడ 6, సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: సగటు లోతుని వెడల్పుతో, నడిమధ్య వేగంతో గుణిస్తే ప్రవాహం వచ్చేస్తుందా?

జవాబు 1: రాదండీ, ఎక్కువ చూపిస్తుంది. గట్ల దగ్గర నీరు నెమ్మది. ప్రతి మీటరు ముక్కకీ దాని లోతు, దాని వేగం గుణించి, ఆ తర్వాతే కలపండి.