ఆదివారం రాత్రి సాండ్‌విచ్ హెల్తీగా చేద్దామంటే చినిగిపోతోంది, ఎవరైనా చెప్పండి

ధర్మవరం కోడలు (అనంతపురం):
మా ఇంట్లో ఆదివారం రాత్రి వేరే వంట ఉండదు, సాండ్‌విచ్‌లే. ఉర్లగడ్డ మసాలా, మీద చీజ్, బయట రెండు వైపులా వెన్న రాసి టోస్టర్‌లో కాల్చడం. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఇదే పద్ధతి. పిల్లలు వారమంతా దానికోసమే చూస్తుంటారు. దాన్నే కొంచెం ఆరోగ్యంగా మార్చాలని మల్టీగ్రెయిన్ బ్రెడ్ తెచ్చా, కూరగాయలు పెట్టా, వెన్న మానేశా. సాయంత్రం నుంచి వంటింట్లోనే ఉన్నా, ఒక్కటి కూడా సరిగ్గా బయటికి రాలేదు. పై పొర అతుక్కుని చినిగిపోతోంది, లోపలంతా తడి ముద్ద. పెద్దోడు తినకుండానే లేచిపోయాడు, చిన్నది ఒకటే ఏడుపు. యూట్యూబ్‌లో చెప్పినవన్నీ చేశా. బ్రెడ్‌తోనే ఏదో తేడా ఉంది. ఏ బ్రెడ్ తెచ్చుకోవాలో చెప్పండి, ప్లీజ్.

లేబుల్ చూడు (కర్నూలు):
మేడమ్, మల్టీగ్రెయిన్ అన్న పేరు చూసి కొంటే ఇంతే. ప్యాకెట్ వెనక్కి తిప్పండి. పదార్థాలను బరువు ఎక్కువ ఉన్నదాంతో మొదలుపెట్టి వరుసగా రాయాలని నిబంధన. మొదట 'రిఫైన్డ్ వీట్ ఫ్లోర్' అని ఉంటే అది మైదా బ్రెడ్డే. మీద నాలుగు నువ్వులు, నాలుగు అవిసె గింజలు చల్లి ధర పెంచుతారు. రంగు కూడా నమ్మకండి. 'కలర్ 150' అని ఉంటే అది కారమెల్, అంటే మాడబెట్టిన చక్కెర రంగు. మా వీధిలో బ్రౌన్ బ్రెడ్ అంటే గోధుమ బ్రెడ్ అని నమ్మి ఏళ్ల తరబడి కొంటున్నవాళ్లు ఉన్నారు. పిండిలో కలిపే పొటాషియం బ్రోమేట్‌ని మన దేశంలో 2016లోనే నిషేధించారు. నూనెలు, కొవ్వుల్లో గుండెకి చేటు చేసే ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదన్న నిబంధన 2022 జనవరి నుంచి ఉంది. నియమాలు బాగానే ఉన్నాయి, ప్యాకెట్ చదివేవాళ్లే లేరు.

ప్రొద్దుటూరు బేకరీ:
టోస్టర్ ఏది? కరెంటుదా, గ్యాస్ మీదిదా?

జొన్నచేను (ఆలూరు):
అక్కా, అసలు రాత్రిపూట బ్రెడ్ ఎందుకు? మన నల్లరేగడిలో పండే జొన్న ఉండగా ఊరు పేరు తెలియని మైదాని ఇంట్లోకి తెచ్చుకుని, మళ్లీ దాన్ని హెల్తీ చేయాలని తంటాలు పడటం నాకు బాధగా ఉంది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, అదీ మన దేశం అడిగితేనే. ఊళ్లో రైతు మాత్రం జొన్న వేయాలంటే వెనకాడుతున్నాడు, ఎందుకంటే తినేవాళ్లు తగ్గిపోయారు. వేడి జొన్న రొట్టె, మీద ఊరిబిండి, పక్కన ఒక ఎర్రగడ్డ. దానికి మించిన రాత్రి భోజనం ఏముంది?

ధర్మవరం కోడలు:
అన్నా, జొన్న రొట్టెలు మా ఇంట్లో వారంలో మూడు రాత్రులు ఉంటాయి. పిల్లలు అడిగేది సాండ్‌విచ్. దాని గురించి చెప్పండి.
బేకరీ అన్నా, గ్యాస్ మీద పెట్టేదే. రెండు పలకలు కలిపి క్లిప్పు వేసే హ్యాండిల్ టోస్టర్, అల్యూమినియంది, మా అత్తమ్మ కొన్నది. ఇన్నేళ్లూ అందులోనే బాగా వచ్చేవి కాబట్టి దాని గురించి రాయలేదు.

ప్రొద్దుటూరు బేకరీ:
నాన్‌స్టిక్ కాదు కదా. లోపల ఏం పెట్టారు? ఉప్పు ఎప్పుడు కలిపారు?

ధర్మవరం కోడలు:
సొరకాయ తురుము, కీర, టమాటా చక్రాలు, సన్నగా తరిగిన ఎర్రగడ్డ. ఉప్పు, మిరియాల పొడి ముందే కలిపి గిన్నెలో పెట్టా, మామయ్య వాకింగ్ నుంచి వచ్చేలోపు రెడీగా ఉంటుందని. ఉర్లగడ్డ పూర్తిగా మానేశా, ఆయనకి షుగర్ కదా.

డైట్ చెల్లి (కర్నూలు):
అక్కా, మామయ్యకి షుగర్ ఉందన్నది అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట. మాత్రలు ఏం వేసుకుంటారు? బీపీ కూడా ఉందా?

ధర్మవరం కోడలు:
బీపీ కూడా ఉంది. షుగర్‌కి రెండు రకాలు, ఒకటి మెట్‌ఫార్మిన్, ఇంకోటి గ్లిమెపిరైడ్. బీపీకి టెల్మిసార్టాన్. కానీ నా సమస్య సాండ్‌విచ్ చినిగిపోవడం.

ప్రొద్దుటూరు బేకరీ:
చినగడం గురించి నేను చెప్తా. బ్రెడ్ తప్పేం లేదు.

ఒకటి, నీళ్లు. సొరకాయ, కీర, టమాటా, మూడూ నీటి కాయలే. వాటికి ఉప్పు తగిలిందంటే ఉన్న నీళ్లన్నీ వదిలేస్తాయి. మీరు పక్కన పెట్టిన గిన్నెని కొంచెం వంచి చూడండి, అడుగున నీళ్లు కనిపిస్తాయి. ఆ నీళ్లే బ్రెడ్‌లోకి దిగాయి. తురుముని పలుచటి గుడ్డలో మూటకట్టి, నీటి చుక్క ఆగేదాకా పిండండి. టమాటా గింజలు తీసేసి కండ మాత్రమే వాడండి. కీర లోపల పెట్టొద్దు, పక్కన తినండి. ఉప్పు బ్రెడ్ మీద పరిచేముందు వేయండి.

రెండు, వెన్న. మీరు వెన్నని కొవ్వు అని తీసేశారు. అల్యూమినియం పలకకీ బ్రెడ్‌కీ మధ్య అడ్డంగా ఉన్నది అదొక్కటే. అది లేకపోతే పిండి పలకని పట్టుకుంటుంది. పాత పద్ధతిలా గరిటెతో రాయక్కర్లేదు. టోస్టర్‌ని ఖాళీగా, క్లిప్పు వేసి, రెండు వైపులా సన్న మంట మీద వేడెక్కనివ్వండి. తర్వాత గుడ్డని నూనెలో ముంచి పిండేసి రెండు పలకలూ తుడవండి, ముఖ్యంగా అంచుల గాడిలో, అతుక్కోవడం మొదలయ్యేది అక్కడే. ఆ మెరుపు చాలు. నాలుగు సాండ్‌విచ్‌లకి కలిపి ఒక చెంచా నూనె కూడా పట్టదు.

మూడు, తొందర. మీరు మధ్యమధ్యలో తెరిచి చూసి ఉంటారు. కాలిన పొర గట్టిపడితే దానంతట అదే పలకని వదులుతుంది. అంతకుముందు లాగితే చినుగుతుంది. పెట్టగానే సుయ్యిమని చప్పుడు వస్తుంది, అది నీరు ఆవిరయ్యే చప్పుడు. ఆ చప్పుడు బాగా తగ్గి, కాలిన వాసన కాకుండా కమ్మటి వాసన వచ్చాక తిప్పండి.

ఇంకో మాట. వేడి వేడి బ్రెడ్ తెచ్చి అదే పూట చేయకండి. తాజా బ్రెడ్ మెత్తగా ఉండి నొక్కితే ముద్దవుతుంది. ముందురోజుది బాగా కాలుతుంది. దించిన తర్వాత పళ్లెంలో బోర్లా పడేస్తే అడుగున ఆవిరి పట్టి మళ్లీ మెత్తబడుతుంది. జల్లెడ మీద కాసేపు ఉంచి కోయండి.

లేబుల్ చూడు:
బేకరీ అన్నా, 'బ్రెడ్ తప్పేం లేదు' అని మీరే అంటే ఎలా? మల్టీగ్రెయిన్ పేరుతో అమ్మేది మైదా అని మీకు తెలియదా?

ప్రొద్దుటూరు బేకరీ:
తెలుసు. చినగడానికి అది కారణం కాదన్నాను.

లేబుల్ చూడు:
జనం బ్రౌన్ బ్రెడ్‌నీ గోధుమ బ్రెడ్‌నీ ఒకటే అనుకోవడానికి బేకరీలే కారణం. బోర్డు మీద ఒకటి రాసి లోపల ఇంకోటి ఇస్తారు.

ప్రొద్దుటూరు బేకరీ:
నా కొట్లో గోధుమ బ్రెడ్ అడిగితే గోధుమ పిండిదే ఇస్తా. పూర్తి గోధుమ పిండితో చేస్తే బరువుగా వస్తుంది, త్వరగా పొడిపొడి అవుతుంది. దాన్ని ఒకసారి కొన్నవాళ్లు రెండోసారి అడగరు. మెత్తగా ఉండాలి, గోధుమది అయ్యుండాలి, ధర పెరగకూడదు అంటే ఎవరి వల్లా కాదు.

డైట్ చెల్లి:
మీ ఇద్దరి వాదన మామయ్య షుగర్‌కి పెద్దగా పనికిరాదు. గోధుమ బ్రెడ్‌లో పీచు ఎక్కువ, అది మంచిదే. కానీ పిండి మెత్తగా ఆడించింది కాబట్టి గ్లైసెమిక్ ఇండెక్స్‌లో, అంటే తిన్నాక రక్తంలో షుగర్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే లెక్కలో, తెల్ల బ్రెడ్‌కీ దానికీ పెద్ద తేడా ఉండదు, రెండూ 70 పైనే. ఎన్ని స్లైసులు తిన్నారు, మధ్యలో ఏం పెట్టారు అన్నదే ముఖ్యం.

అక్కా, మీరు ఉర్లగడ్డ తీసేసి సొరకాయ పెట్టారు. మాంసకృత్తులు ఏవీ లేవు. అలా తింటే గంటకే ఆకలేస్తుంది, పిల్లలు బిస్కెట్ల డబ్బా తీస్తారు. పెసలు ఉదయం నానబెట్టి, మరీ మెత్తగా కాకుండా ఉడికించి, నీళ్లు వంపేసి చేత్తో మెదపండి. అందులో పాత మసాలాయే కలపండి, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర, వేయించిన ఎర్రగడ్డ. ఉర్లగడ్డని పూర్తిగా తీసేయకండి, నాలుగోవంతు ఉంచండి. పిల్లలకి తెలిసిన రుచి అదే, ముద్ద పట్టి ఉంచేదీ అదే. ఇంకా జారుగా ఉంటే పప్పుల పొడి ఒక చెంచా కలపండి, తడి పీల్చేస్తుంది.

మామయ్య విషయం. గ్లిమెపిరైడ్ వేసుకునేవాళ్లు రాత్రి తిండిని ఒక్కసారిగా తగ్గించకూడదు, షుగర్ డౌన్ అయ్యే ప్రమాదం ఉంది. హెల్తీ అని ఆయనకి సగం సాండ్‌విచ్, కీర ముక్కలు పెట్టి పడుకోబెట్టొద్దు. రెండు స్లైసులది ఒకటి, దాంతో ఉడికించిన గుడ్డు గానీ గిన్నెడు పెసల సలాడ్ గానీ ఇవ్వండి. ఎంత మార్చాలన్నది ఆయన్ని చూసే డాక్టర్‌ని అడిగి చేయండి.

కొత్తకాపురం (కడప):
అక్కా, బీపీ ఉంటే లో సోడియం ఉప్పు వాడండి. మా పక్కింట్లో అదే వాడుతున్నారు, రుచిలో తేడా లేదు.

డైట్ చెల్లి:
వద్దు! ఆ ఉప్పులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి మాత్రలు ఒంట్లో పొటాషియాన్ని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. కిడ్నీ కొంచెం బలహీనంగా ఉన్నా పొటాషియం పెరిగి గుండెకే ప్రమాదం. షుగర్ ఉన్న పెద్దవాళ్లకి డాక్టర్‌ని అడగకుండా ఆ ఉప్పు ఇంట్లోకి తేవద్దు. మామూలు ఉప్పే తగ్గించి వేయండి.

రోజుకి మనిషికి ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, అంటే ఒక టీ చెంచా కంటే తక్కువ. బ్రెడ్‌లో ఉప్పు ఉంది, చీజ్ స్లైసులో అంతకంటే ఎక్కువ ఉంది, సాస్‌లోనూ ఉంది. కాబట్టి చీజ్ పెట్టిన రోజు మసాలాలో ఉప్పు సగం చేయండి. సాస్ బాటిల్ మూసేయండి, అందులో దాదాపు పావు వంతు చక్కెరే.

కొత్తకాపురం (కడప):
అమ్మో, ఇది నాకు తెలియదు. పక్కింటి ఆంటీకి చెప్తా, వాళ్లాయన కూడా బీపీ మాత్ర వేసుకుంటారు.
సాస్ బదులు మా కడప ఎర్రకారం రాయొచ్చా?

ప్రొద్దుటూరు బేకరీ:
పలుచగా రాస్తే బ్రెడ్ నానుతుంది. వేరుశనగలు వేయించి, ఎండుమిర్చి, తెల్లగడ్డ వేసి గట్టిగా నూరి అది రాయండి. అందులోని నూనె లోపలి వైపు తడిని బ్రెడ్‌కి తగలనివ్వదు. వెన్న చేసే పనే చేస్తుంది. అనంతపురంలో ఉండి వేరుశనగకి కరువా?

డైట్ చెల్లి:
మంచి ఆలోచన. కానీ స్లైసుకి ఒక చెంచా దాటొద్దు. వేరుశనగలో సగానికి దగ్గరగా నూనే ఉంటుంది.

జొన్నచేను:
వేరుశనగ మాట వచ్చింది, సంతోషం. బేకరీ అన్నా, జొన్న పిండితో బ్రెడ్ చేసి అమ్మొచ్చు కదా? పట్నాల్లో అమ్ముతున్నారు.

ప్రొద్దుటూరు బేకరీ:
జొన్నలో గ్లూటెన్, అంటే గోధుమ పిండిలో ఉండే సాగే జిగురు, లేదు. గాలిని పట్టి ఉంచేది అదే. ఒట్టి జొన్న పిండితో చేస్తే పొంగదు, కోస్తే రాలిపోతుంది. గోధుమ పిండిలో నాలుగోవంతు కలిపితే వస్తుంది. పట్నాల్లో జొన్న బ్రెడ్ అని అమ్మేదాన్ని కూడా వెనక్కి తిప్పి చదవండి.

లేబుల్ చూడు:
నేను మొదటి నుంచీ చెప్తున్నది అదే.

జొన్నచేను:
సరే, రొట్టెనే మడిచి మధ్యలో ఆ పెసల ముద్ద పెట్టి ఇవ్వండి. వేడి నీళ్లతో పిండి కలిపి, పెనం మీద నుంచి తీయగానే మడిస్తే విరగదు. అది సాండ్‌విచ్ కాదని ఎవరంటారు?

కొత్తకాపురం (కడప):
పిల్లలు అంటారు అన్నా. మా వాడికి మూల నుంచి మూలకి కోసి మూడు కోణాల్లో ఇస్తేనే సాండ్‌విచ్.

జొన్నచేను:
పిల్లలకి మనం ఏది అలవాటు చేస్తే అదే. చిన్నప్పటి నుంచి రొట్టె చేతికిస్తే రొట్టే అడుగుతారు. ఈ విషయం మీద ఇక్కడ వేరే చర్చ పెడతా, అందరూ రావాలి.

డైట్ చెల్లి:
ధర్మవరం అక్కా, ఉన్నారా? ఎలా వచ్చింది?

ధర్మవరం కోడలు:
ఇవాళ మళ్లీ చేశా. పెసలు, కొంచెం ఉర్లగడ్డ, వేరుశనగ ముద్ద. పలకలకి నూనె గుడ్డతో తుడిచా. అతుక్కోలేదు, అంచులు కూడా కరకరలాడాయి. పెద్దోడు రెండు తిన్నాడు, చిన్నది పెసలు ఏరి పక్కన పెట్టింది. మామయ్య డాక్టర్ దగ్గరికి గురువారం వెళ్తున్నాం, అడుగుతా. థాంక్స్ అందరికీ.

డైట్ చెల్లి:
చిన్నదానికి పెసల్ని ఇంకా మెత్తగా మెదిపి పెట్టండి అక్కా, గింజ కనపడకపోతే తినేస్తుంది.

గుంతకల్ రైల్వే క్వార్టర్స్:
కరెంటు గ్రిల్ టోస్టర్‌కి కూడా ముందు ఖాళీగా వేడి చేయాలా? మాది నాన్‌స్టిక్, కోటింగ్ అక్కడక్కడా లేచిపోయింది. దాంట్లో చేసింది తినొచ్చా?

జొన్నచేను:
కొత్త చర్చ పెట్టాను, 'ఆదివారం రాత్రి జొన్న రొట్టె'. అందరూ చూడండి.